చుక్క జరగడానికి చోటు

చనిపోయిన మనిషి గోడని ఆయన సంతాపం పేరు చెప్పే కప్పేశారు. మా పల్లెలో వలలు దాచుకునే షెడ్డుకి సముద్రం వైపున్న తెల్ల గోడ అది. ఇప్పుడు దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఫ్లెక్స్ ఉంది. అందులో రెండు పావురాలు, ఒక దీపం, దిగిపోతున్న సూర్యుడు, మబ్బులు, చేతులు జోడించిన బోటు కమిటీ వాళ్ళందరి మొహాలు. ఎవరి కోసం కట్టారో ఆ మనిషి మొహం ఎడమ మూల దీపం కింద తపాలా బిళ్ళంత ఉంది. దగ్గరికెళ్ళి వెతికితే దొరుకుతుంది.

ఆ మనిషి మా పక్కింటి మావ, పల్లెలో అందరికీ మావే. బోట్ల ముక్కుల మీద గుర్తులు వేసేవాడు. వేట బందు రోజుల్లో పోయాడు. అంటే బోట్లన్నీ ఇసక మీదికెక్కి మరమ్మతులకి, రంగులకి ఎదురుచూసే రోజులు. ఆయనకి ఏడాది మొత్తం మీద పని ఉండేది అప్పుడే.

నేను బరంపురంలో ఫ్లెక్స్ షాపులో ఉన్నాను. మెషిన్ మీద ఎవరిదో పుట్టినరోజు బేనరు నడుస్తోంది. అమ్మ ఫోన్ చేసి, "ఓలే, మావ ఇంక నేడే" అంది. మా వైపు నేడంటే లేడు అని. నా ముందు కేకు, బెలూన్లు, నవ్వుతున్న పిల్లాడి మొహం కొంచెం కొంచెంగా బయటికొస్తూనే ఉన్నాయి. మెషిన్ ఆపితే షీటు పాడవుతుందని ఓనరు అరుస్తాడు. అది పూర్తయ్యేదాకా నించుని, కత్తిరించి, చుట్టి ఇచ్చి, అప్పుడు గోపాల్పూర్ బస్సెక్కాను.

ఆ మధ్యాహ్నం మావ తెప్పకి వీపు ఆనించి ఇసకలో కూర్చున్నాడట. ఎదురుగా ఒక బోటు ముక్కు, దాని మీద ఇంకా తడి ఆరని గుర్తు. కళ్ళు సగం మూసుకుని చూస్తూ ఉన్నాడట. వేసిన గుర్తు ఆరేదాకా అలాగే చూడ్డం ఆయన అలవాటు. అలా చూస్తున్నప్పుడు పలకరిస్తే తిడతాడు. అందుకని ఎవరూ పలకరించలేదు. పక్కనుంచి నడిచారు, వలలు మోసుకెళ్ళారు, పిల్లలు బంతి ఆడారు. సాయంత్రం టీ తెచ్చిన ఆమె గ్లాసు చేతికివ్వబోతే తెలిసింది.

అంతసేపు అందరి మధ్యా ఒక్కడే ఉన్నాడు. అది నా మనసులోంచి పోవట్లేదు.

చదివేవాళ్ళకి మా సంగతి తెలియకపోవచ్చు, అందుకని చెబుతున్నాను. మేం తెలుగువాళ్ళం, తరాలుగా ఒడిశాలోని ఈ గంజాం ఒడ్డునే ఉన్నాం. మగవాళ్ళు తెల్లారకముందే వేటకెళ్తారు. తిరిగొచ్చే వేళకి ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని ఒడ్డున నించుంటారు. దూరాన బోట్లన్నీ నల్ల గింజల్లా ఒకేలా ఉంటాయి. ఏది ఎవరిదో ముందే తెలిస్తే తట్టతో అటు నడుస్తారు, ఐస్ మనిషిని కేకేస్తారు. అంతకంటే ముందు, మనది వచ్చింది అని ఊపిరి వదులుతారు. బోటు మీద గుర్తు ఉన్నది అందుకు.

చివరింటి అత్త కొడుకు కొత్త ఫైబర్ బోటు తెచ్చినప్పుడు మావకి చెప్పకుండా బరంపురంలో రంగులేయించుకొచ్చాడు. సినిమా హీరో మొహం, గద్ద, నిప్పులు, నురగతో అలలు, నీడలున్న అక్షరాల్లో వాళ్ళమ్మ పేరు. ఇసక మీద ఉన్నంతసేపు పల్లె పల్లెంతా దాని ముందు ఫోటోలు దిగింది. మొదటి వేట రోజు తిరిగొచ్చే వేళకి తుంపర పడుతోంది. అత్త మోకాలి లోతు నీళ్ళలోకి పరిగెత్తి ఒక బోటు పట్టుకుని, "బేగి దింపు, అలగేటి సూత్తన్నావు!" అని అరిచింది. బోటులో ఉన్నతను తల గోక్కున్నాడు.

"అత్తా, నాను నీ కొడుకుని కానే. కూడెడతానంటే అవుతాను."

ఒడ్డంతా నవ్వింది. ఆమె ఇంకో బోటు దగ్గరికి పరిగెత్తింది. అదీ కాదు. దూరం నుంచి ఆ హీరో, గద్ద, నిప్పులు, అమ్మ పేరు కలిసి బురదలా ఉన్నాయి. ఆ వారంలోనే కొడుకు మావ ఇంటి ముందుకొచ్చి తల దించుకుని నించున్నాడు.  మావ తెల్లరంగు డబ్బా పట్టుకెళ్ళి అన్నీ కొట్టేశాడు. గద్ద రెక్క ఒక్కటి ఉంచాడు. ఎర్రగా, సాదాగా, ముక్కు నుంచి వెనక్కి లాగినట్టున్న రెక్క.

"ఇంత గోలలోనా దూరం నుంచి అగుపించింది ఇదొక్కటే" అన్నాడు. "నాను ఏసింది కాదు. ఆడిదే. ఉంచీసినాను."

ఇప్పటికీ ఆ రెక్క చూస్తే అత్త మిగతా అందరికంటే ముందు నడక మొదలుపెడుతుంది.

మావ పని చేసే పద్ధతి చెప్పాలి. గుర్తు వేసేవాడు. దానికి వీపు తిప్పి నీళ్ళ అంచు వెంట నడిచేవాడు. బోటు అరచేతిలో పట్టేంత చిన్నదయ్యాక గిరుక్కున తిరిగి ఒకసారి చూసి వెంటనే మళ్ళీ వీపు తిప్పేసేవాడు. అప్పుడు కళ్ళు మూసుకుని అడిగేవాడు, "ఏటి మిగిలింది?" మిగిలినదాన్ని ఉంచి, మిగలనిదాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచేసేవాడు. పక్కన నేనుంటే నన్నూ నడిపించేవాడు. నాకు కళ్ళు బాగా కనపడతాయి కాబట్టి అన్నీ కనపడ్డాయనేదాన్ని. "నీ కళ్ళతో కాదే గుంటా, బెంగ పెట్టుకున్నోళ్ళ కళ్ళతో సూడు" అనేవాడు.

ఆయన్ని సన్యాసి అనుకోకండి. చిలకలున్న చొక్కాలు వేసుకునేవాడు. ఇంటినిండా కేలెండర్లు, ప్లాస్టిక్ పూలు, రాత్రంతా రంగులు మార్చే లైటు దండలు. సొంతంగా రంగేసుకున్న రేడియో మీద మూడు రకాల పువ్వులు. నేను ఒకసారి అడిగేశాను. "బోటు మీద ఒక గీతకి పది గీతలు తుడిచేస్తావు కదా, ఈ చొక్కా ఏటి మావా?"

"ఇది నాకోసం" అని చొక్కా కాలరు ఎగరేశాడు. "అది ఆళ్ళకోసం. నాకు నచ్చింది ఆళ్ళ నెత్తినెందుకు ఎట్టాల?"

గొప్పలు కూడా చెప్పుకునేవాడు. ఈ ఒడ్డున తన చెయ్యి పడని బోటు ఒడ్డు చేరదని, తన గీత చూసి చేపలే నవ్వుకుంటూ వలలోకొస్తాయని. మా అమ్మ వింటే, "మరి నీ గోచీ మీద కూడా ఒక గీత ఏసుకో మావా, నీకూ ఓ పిల్ల దొరుకుతాది" అనేది. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అయినా ఆ మాటకి ఆయనే అందరికంటే గట్టిగా నవ్వేవాడు. నవ్వు అయిపోయాక మాత్రం కాసేపు రంగు డబ్బాలో పుల్ల తిప్పుతూ కూర్చునేవాడు.

ఆయనా తప్పు చేశాడు. ఒకామె బోటుకి తెల్ల ముక్కు మీద అడ్డంగా ఒక నీలం గీత వేసి ఊరుకున్నాడు. అంతకంటే సాదాది ఉండదు. ఇసక మీద దాన్ని చూస్తే హాయిగా ఉంది. నీళ్ళలోకి దిగాక మాయమైంది. సముద్రమూ ఆకాశమూ కలిసేచోట కూడా అడ్డంగా ఒక నీలం గీతే కదా. బోటు ముక్కు వెళ్ళి ఆ గీతలో కలిసిపోయింది. ఆమె వాళ్ళ బోటు మునిగిందనుకుని ఒడ్డున కూలబడిపోయింది. బోటు వచ్చింది, అందరూ క్షేమమే. కానీ మావ ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు అదే గీతని కొంచెం ఏటవాలుగా వేశాడు. ఎంతో కాదు, ఒక చివర బొటనవేలంత పైకి. అంతే, దూరం నుంచి చూస్తే బోటు నిన్ను పిలిచినట్టుంది.

"తీసీడం అందరికీ వచ్చు" అన్నాడు నాతో. "తీసీసింతర్వాత మిగిలింది పలకాల. సాపుగా ఉన్నదాని మీంచి కన్ను జారిపోతాది. కొంచిం ఒంకరుండాల, తగులుకోడానికి."

నాకు డిజైన్ పని ఎవరూ నేర్పలేదు. పదో తరగతి అయ్యాక షాపులో ఫ్లెక్సులకి కన్నాలు కొట్టే పనికి చేరాను. ఆపరేటర్ భోజనానికెళ్ళినప్పుడు మౌస్ పట్టుకుని, రాత్రిళ్ళు ఫోన్లో వీడియోలు చూసి డిజైన్ నేర్చుకున్నాను. మావకి కంప్యూటర్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ నేను చేసినదాన్ని చూసేవాడు. ఆదివారం ఇంటికెళ్ళేటప్పుడు షాపులో పారేసే ప్రింట్లలో నావి చుట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. వాటిని బోటుకి కట్టి, వీపు తిప్పి నడిచేవాడు. తిరిగేవాడు. "ఏటి మిగిలింది?"

మొదట్లో ఏమీ మిగిలేది కాదు. పెళ్ళి బేనర్లో పూలు, పందిరి, నెమళ్ళు, ఇద్దరి పేర్లు, అన్నీ కలిపి ఒక గులాబీరంగు మచ్చ. ఏడ్చాను కూడా. ఆయన ఓదార్చలేదు. "పెళ్ళికొచ్చినోడు ఏటి సూడాలి? ఆ పిల్ల నవ్వు. అదెక్కడ దాసినావు?" అన్నాడు. తర్వాత వారం పిల్ల నవ్వు ఒక్కటే పెట్టి చుట్టూ వదిలేసి తెచ్చాను. నడిచాడు, తిరిగాడు, ఎప్పటిలా వెంటనే వీపు తిప్పలేదు. అలా చూస్తూనే నించున్నాడు. నా పనికి నాకు అందిన మెప్పు అదొక్కటే.

షాపులో ఆ డిజైన్ ఎవరూ తీసుకోలేదు. కస్టమరు స్క్రీన్ మీద వేలుపెట్టి "ఎఠి ఖాలి కాహింకి?" అనడిగాడు, ఇక్కడ ఖాళీ ఎందుకుందని. ఓనరు నావైపు చూశాడు. ఆ ఖాళీలో నెమలిని పెట్టాను. రోజూ పెడుతూనే ఉన్నాను. అంకులిలో నేనుండే అద్దె గదికి పోయి పడుకుంటే కళ్ళ మీద నెమళ్ళే. ఆదివారం ఒకటుంది కదా అని బతికేదాన్ని.

ఇప్పుడు గోడ గురించి.

ఆ గోడంతా తెలుపు. దాని మీద మావ వేసింది ఒక్క ఎర్ర చుక్క, మనిషి తలంత. మధ్యలో కూడా లేదు, ఒకవైపుకుంది. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి రంగు అయిపోయిందేమో అనుకుంటారు. బోటు మీద గుర్తు ఒడ్డున ఉన్నవాళ్ళు చూడ్డానికి. ఈ చుక్క నీళ్ళలో ఉన్నవాళ్ళు చూడ్డానికి. మా ఒడ్డున నీళ్ళ కింద ఇసక మేటలుంటాయి. వాటి మీద అలలు విరుగుతాయి, బోటు తిరగబడుతుంది. మేటల మధ్య ఒక్క దారి ఉంటుంది. గోడ వెనక ఎత్తుగా సెల్ టవర్ ఉంది. సముద్రంలోంచి చూస్తే ఆ టవర్ సరిగ్గా చుక్క మీదికొచ్చిందంటే నువ్వు దారిలో ఉన్నట్టు. నేరుగా వచ్చెయ్యొచ్చు.

అయితే ఇసక ఒకచోట ఉండదు. ఏడాదికేడాది మేట జరుగుతుంది, దారి జరుగుతుంది. అందుకని బందు ముగిసే ముందు మావ పాత చుక్క కొట్టేసి కొత్త చుక్క వేసేవాడు. ఎక్కడ వెయ్యాలో ఆయన చెప్పేవాడు కాదు. మా నాన్న తెప్ప మీద అలలు దాటి వెళ్ళి, దారి వెతుక్కుని, ఆ దారిలో కూర్చుని గోడకేసి చూసేవాడు. మావ నిచ్చెనెక్కి ఎర్రగుడ్డ చుట్టిన కర్రని గోడ మీద జరుపుతూ పోయేవాడు. అది టవర్ కిందికొచ్చిందని నాన్న తెల్లగుడ్డ ఊపిన చోట ఆగి, అక్కడ చుక్క పెట్టేవాడు. చిన్నప్పుడు నేను, ఇంత గోడ ఖాళీగా ఎందుకొదిలేశావు మావా, ఒక చేపైనా వెయ్యి అని గొడవ చేశాను.

"సేపనేస్తే సుక్క ఎక్కడికి జరుగుతాది?" అన్నాడు. "జరగడానికి దానికి సోటుండాల కాదేటే."

ఆ చోటు నిండా ఇప్పుడు మొహాలున్నాయి.

కమిటీ సెక్రటరీ నాకు చిన్నాన్న వరస. సంతాపం ఫ్లెక్స్ చెయ్యమని మొదట నా దగ్గరికే వచ్చాడు. నేను ఖాళీ తెల్లటి షీటు మీద ఒకవైపుకి ఎర్ర చుక్క పెట్టి, కింద చిన్న అక్షరాల్లో మావ పేరు రాసి చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇదేటే, ఇంకా పూర్తవనేదా?"

"అయిపోయింది చిన్నాన్నా."

"మరి మేమేరీ?"

"మీరెందుకు?"

ఆయన మొహం చూస్తే కోపం కాదు, ఏడుపు. "ఓలే, నాను ఆడి కూడా పెరిగినోడ్నే. ఆడి పక్కన నా మొకం ఉండాలని నాకుండదేటి? ఊరందరికీ ఉండదేటి?" అని కళ్ళు తుడుచుకుని ఇంకో షాపుకెళ్ళిపోయాడు. అక్కడ ఆయన అడిగినట్టే చేసిచ్చారు. ఆయన ప్రేమ అబద్ధమని నేననను. కానీ ఆ ప్రేమని తీసుకెళ్ళి ఎక్కడ కట్టాడో చూడండి.

ఇసక మీద నించుని చూస్తే ఆ తప్పు కనపడదు. బందు కాబట్టి బోట్లన్నీ పైనే ఉన్నాయి, నీళ్ళలోంచి గోడని చూసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. నేను చెప్పడానికెళ్తే సెక్రటరీ చిన్నాన్న, "అందరి ఫోన్లలో దారి సూపించేది ఉంది కదే, ఇంకా సుక్కేటి?" అన్నాడు. ఫోన్ ఒడ్డు ఎటువైపో చూపిస్తుంది. నీళ్ళ కింద ఇసక నిన్న రాత్రి ఎటు జరిగిందో చూపించదు. మా నాన్నకి కోపం రాదు, ఆయన కూడా తలెత్తి, "ఫోన్ తడిసిపోతే?" అని ఒక్కమాటన్నాడు.  అమ్మ ఎండుచేపల తట్ట దించి నడుం మీద చెయ్యేసుకుంది.

"టవరు కింద ఎవుల మొకం ఎట్టుకుని రావాలో అదైనా సెప్పు మరిదీ. నీదా, ట్రెజరర్‌దా? ట్రెజరర్ మొకం ఎట్టుకుంటే నేరుగా మేట మీదికే."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. నవ్వి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఫ్లెక్స్ మాత్రం అలాగే ఉంది. గాలికి ఉబ్బుతోంది, తగ్గుతోంది, దాని వెనక గోడ ఉందని గుర్తుచేస్తున్నట్టు.

ఆ రోజు మావ ఇంట్లోకెళ్ళాను. లైటు దండలు ఇంకా మారుతూనే ఉన్నాయి, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఎవరూ ఆర్పలేదు. చిలకల చొక్కా చిలక్కొయ్యకుంది. ఎర్రరంగు డబ్బా, కుంచె, గుడ్డ చుట్టిన కర్ర గుమ్మం పక్కనున్నాయి. అవి తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టాను. దండలు ఆర్పడానికి మాత్రం చెయ్యి రాలేదు.

తర్వాత ఆదివారం అలవాటు కొద్దీ ఒక ప్రింటు చుట్టుకుని వెళ్ళాను. బోటుకి కట్టాను. నేనే వీపు తిప్పి నీళ్ళ అంచు వెంట నడిచాను. తిరిగాను. బోటు ఉంది, ప్రింటు ఉంది, దాని పక్కన కిరసనాయిలు గుడ్డ భుజం మీదేసుకుని ఎవరూ లేరు. ఏం మిగిలిందో నాకు నేను చెప్పుకోలేకపోయాను. మనం చేసినదాన్ని మనకంటే ఎక్కువ దూరం వెళ్ళి చూసేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. నాకున్నది ఆయనే.

కమిటీ వాళ్ళకి ఇప్పుడు నేరుగా చెబుతున్నాను. మీరిది చదువుతారని తెలుసు, మీ గురించి రాస్తే చదువుతారు. ఆ ఫ్లెక్స్ దింపండి. చింపమనట్లేదు. కమిటీ గది లోపల కట్టుకోండి, అక్కడ మీ మొహాలు మీరు రోజూ చూసుకోవచ్చు, వాటి మీద ఎవరి ప్రాణాలూ ఆధారపడి ఉండవు. మావ పేరు గోడ మీద రాయనక్కర్లేదు. చుక్క ఎవరిదో ఈ ఒడ్డున అందరికీ తెలుసు.

వచ్చే ఆదివారం పొద్దుగూకేలోగా నాకు జవాబు కావాలి, అవునో కాదో. బందు ఆ వారమే ఎత్తేస్తారు. సోమవారం తెల్లారగానే నేను డబ్బాతో నిచ్చెన మీదుంటాను. గుడ్డ చుట్టిన కర్ర నా చేతిలో ఉంటుంది. నేనెప్పుడూ అది పట్టుకోలేదు, ఎంత మెల్లగా జరపాలో తెలియదు, నాన్న చెయ్యి చూసి జరుపుతాను. ఆయన అలల అవతల తెప్ప మీద ఒక్కడే కూర్చుని, ఒళ్ళో తెల్లగుడ్డ పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని గోడకేసి చూస్తుంటాడు. ఆయనకి అక్కడ తెలుపు కనపడాలి. ఆదివారం పొద్దుగూకేలోగా చెప్పండి.